నర్సింహ కాగితం ఇచ్చాడు

యాభై ఏళ్ళకు పైగా ఒక మాట నా లోపలే ఉండిపోయింది. పెళ్ళిళ్ళకు పోయినా, చావులకు పోయినా, ఆఫీసు కుర్చీలో కూర్చున్నా అది నాతోనే ఉండేది. బయటపెట్టవలసిన సందర్భాలు పది వచ్చి ఉంటాయి. పదిసార్లూ మింగాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. ఇది కూడా పిరికితనమే అని మీరంటే కాదనను.

అతని పేరు మాత్రం రాస్తాను. నర్సింహ.

మాది కట్టంగూరు దగ్గర ఒక ఊరు. నర్సింహ మా వాడవాడే, నాకంటే ఆరేళ్ళు చిన్న. రక్తసంబంధం లేకపోయినా నన్ను అన్నా అని పిలిచేవాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే మేనమామ పెంచాడు. ఆ మేనమామ బండి కిరాయికి తోలి అతన్ని నల్లగొండలో ఉర్దూ బడిలో చదివించాడు, తన బిడ్డ సత్తెమ్మనిచ్చి పెళ్ళి చేశాడు, పట్నం పంపి బి.ఎస్సీ.లో చేర్పించాడు. మా ఊరి నుంచి సైన్సు చదవడానికి పోయినవాడు అతనొక్కడే. అతను చేరిన కాలేజీలోనే నేను గుమాస్తాను. ఫీజుల రిజిస్టరు నా సీటు. ఆ కాలేజీ పేరు చెప్పను, అందులో దాని తప్పేమీ లేదు.

అతని తెలివి గురించి చెప్పాలంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. లెక్కల పాఠం ఒకసారి వింటే చాలు, సాయంత్రం హాస్టలు వరండాలో పదిమందికి తానే చెప్పేవాడు. అర్థం కానివాళ్ళను చూసి విసుక్కునేవాడు కాదు. ఇంకో దారిలో మొదలుపెట్టేవాడు. అదీ కాకపోతే మరొక దారి. మేమంతా అతను ఇంజనీరో డాక్టరో అవుతాడనుకున్నాం. నా తోటి గుమాస్తాలకు "మా ఊరోడు" అని గొప్పగా చూపించుకునేవాణ్ణి.

మొదటి ఏడాది ముగిసి సెలవులకు ఇంటికి వచ్చాడు. ఇంగ్లీషువాళ్ళు పోతున్నారని పట్నంలో అందరూ అనుకుంటున్న ఎండాకాలం అది. మాకు మాత్రం ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఊళ్ళో అతని మేనమామ బండిని దొర మనుషులు వారానికి రెండు రోజులు వెట్టికి పట్టుకుపోతున్నారు. కాదన్నందుకు ఆయన వీపు మీద కొట్టిన వాతలు నర్సింహ చూశాడు. మొదట ఒక అర్జీ రాశాడు. తరువాత పక్క ఊరివాళ్ళకు ఇంకొకటి. నెల తిరిగేసరికి మా చుట్టుపక్కల ఎవరికి ఏ కాగితం వచ్చినా అతని దగ్గరికే తెస్తున్నారు. చెట్ల కింద, కల్లాల మీద పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. వెట్టి మీద కొట్లాడుతున్న సంఘంవాళ్ళు వచ్చి కలిశారు. ఇక కాలేజీకి పోనని నిశ్చయించుకున్నాడు.

నేను రెండు రోజుల సెలవు మీద ఊరికి పోయినప్పుడు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, మడిచిన కాగితం ఒకటి నా చేతికిచ్చాడు.

"అన్నా, గిది జర ఆఫీసుల ఇయ్యి. నా పేరు కొట్టేయించు. లేకుంటె ఊకెనే ఫీజు మీద పడ్తది."

మా కాలేజీ పద్ధతి అతనికి తెలుసు. చదువు మానేస్తున్నట్టు రాసి ఇస్తేనే పేరు తీసేస్తారు. ఇవ్వకపోతే రెండేళ్ళ దాకా పేరుంటుంది. అన్నాళ్ళూ ఫీజు, దాని మీద జుర్మానా పెరుగుతూ పోతాయి. విప్పి చదివాను. ఉర్దూలో ముత్యాల్లాంటి అక్షరాలు. మానడానికి కారణం అన్నచోట, ఊళ్ళో వెట్టి పోగొట్టడానికి సంఘంతో కలిసి పనిచేస్తున్నాను కనుక, అని రాశాడు.

"సొంత పనులు అని రాయరాదు నర్సిమ్మా? గిట్ల రాస్తె నీకూ ముప్పే, నాకూ ముప్పే."

"సొంత పని కాదు గదన్నా. ఉన్నదే రాసిన." నవ్వాడు. మళ్ళీ నా ముఖం చూసి నవ్వు ఆపి అన్నాడు: "నీకు భయమైతె చెప్పు. పోస్టుల ఏస్త."

"నాకేం భయం?" అన్నాను.

చూడండి, నా తప్పు ఇక్కడే మొదలైంది. ఆ ఒక్క క్షణం నిజం చెప్పి ఉంటే కాగితం తపాలాలో పోయేది. నాకంటే చిన్నవాడి ముందు భయమున్నదని ఒప్పుకోవడానికి నామోషీ అయింది. కాగితాన్ని జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు పట్నం బస్సెక్కాను. చౌటుప్పల్ దగ్గర బస్సు నీళ్ళు పోయించుకోవడానికి ఆగితే, ముందు రోడ్డు మీద పోలీసులు మనుషుల జేబులు తడుముతున్నారని ఎవరో అన్నారు. ఎవరన్నారో, ఎవరితో అన్నారో కూడా నేను చూడలేదు. దిగి, మోరీ దగ్గరికి పోయి, ఆ కాగితాన్ని వేలెడు ముక్కలుగా చింపి నీళ్ళలో వేశాను. ముక్కలన్నీ కొట్టుకుపోయేదాకా నిలబడ్డాను. బస్సు కదిలింది. పట్నం చేరేదాకా మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఒక్క పోలీసువాడు కూడా కనపడలేదు.

చింపినందుకు నన్ను నేను ఏనాడో క్షమించుకుని ఉండేవాణ్ణేమో. ఆ రోజులు అట్లాంటివి. కానీ తరువాత? కాగితం పోయింది, ఇంకొకటి రాసి పంపమని ఒక్క కబురు పెడితే సరిపోయేది కదా. ఎందుకు పెట్టలేదు? నర్సింహ ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు, ఎక్కడున్నాడో తెలియదు అనుకున్నాను. సత్తెమ్మకు చదువు రాదు అనుకున్నాను. వచ్చే నెల పోయినప్పుడు చెబుదాం అనుకున్నాను. ఆ వచ్చే నెల రాలేదు. రజాకార్లు మా ఊరి మీద పడ్డారు. మేనమామ ఎడ్లను తోలుకుపోయారు, బండిని తగలబెట్టారు. ఆ దిగులుతోనే ఏడాది తిరగకుండా ఆయన పోయాడు. పోలీసు యాక్షన్ వచ్చి రజాకార్లు మాయమయ్యారు, మిలిటరీ దిగింది, ఇప్పుడు సంఘంవాళ్ళను వెతకడం మొదలైంది. అక్షరాలు దిద్దించినవాణ్ణి, అర్జీలు రాసినవాణ్ణి కూడా వదలలేదు. నర్సింహను పట్టుకుపోయి దాదాపు మూడేళ్ళు జైల్లో ఉంచారు.

ఆ కాలమంతా నేనేం చేశానో చెప్పనా? టర్ము వచ్చినప్పుడల్లా రిజిస్టరు తెరిచి, అతని పేరు ఎదురుగా ఎర్రసిరాతో "బాకీ" అని రాశాను. నా చేత్తోనే. రెండేళ్ళు నిండాక, ఫీజు ఎగవేసినవాడని పేరు కొట్టేశారు. ఆ గీత గీసిందీ నేనే.

జైలు నుంచి వచ్చిన నెలకే నర్సింహ మా ఆఫీసుకు వచ్చాడు. చిక్కిపోయాడు, ముందు వెంట్రుకలు కొన్ని నెరిశాయి. అప్పటికతనికి పాతికేళ్ళు కూడా లేవు. సైన్సు వదిలేసి బి.ఏ.లో చేరతానని, తరువాత లా చదువుతానని వచ్చాడు. జైల్లో తనతో ఉన్నవాళ్ళలో సగం మందికి తమ మీద ఏం నేరం మోపారో తెలియదట. వాళ్ళ కాగితాలు చదివి, తెలుగులో చెప్పి, జవాబులు రాసిపెట్టేవాడట. కొందరు ఆ జవాబులతోనే బయటపడ్డారట. ఇంజనీర్లు ఎక్కడైనా దొరుకుతారు, మనవాళ్ళ కాగితం చదివేవాడు కావాలె అని అనుకున్నాడట. ఇదంతా అతను మా హెడ్ క్లర్కు కరీం సాబుకు చెబుతుంటే నేను నా బల్ల దగ్గర తల వంచుకుని విన్నాను.

కరీం సాబు మంచి మనిషి. రిజిస్టరు చూసి నిట్టూర్చాడు.

"పాత బకాయి కట్టందే సర్టిఫికెట్ ఇయ్యరాదు బేటా. సర్టిఫికెట్ లేకుంటె ఏ కోర్సుల గూడ తీసుకోరు. నువ్వు రాసియ్యకుండనే ఎందుకు పోయినవ్?"

"రాసి ఇచ్చిన సాబ్."

"ఎవరికిచ్చినవ్? పేరు చెప్పు. ఇప్పుడే అడుగుత. ఆఫీసు తప్పని తేలితె మొత్తం మాఫ్ చేయిస్త."

నర్సింహ తల తిప్పి నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంటు కావలసి ఉంది. సంఘంతో ఎవరికి సంబంధముందో పోలీసులు ఆరా తీస్తున్నారు, అప్పటికే మా ఆఫీసులో ఒకతన్ని తీసేశారు. ఇదంతా అతనికి ఎట్లా తెలుస్తుంది? కానీ నా ముఖంలో చదివేశాడు. నేను లేచి నిలబడి ఉండవలసింది. నోట్లో ఆ మాట ఉంది. "నాకే" అనే రెండక్షరాలు.

"యాదికొస్తలేదు సాబ్," అన్నాడు నర్సింహ. "ఇచ్చిన అనుకున్న. ఇయ్యలేదేమో."

ఆ పూట అతని వెనకే మెట్లు దిగాను. నల్లా దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. నన్ను చూసి, "వదినె మంచిగున్నదా? బిడ్డ పుట్టిందంట గద," అన్నాడు.

"ఎందుకు చెప్పలే నర్సిమ్మా?"

"ఏం చెప్పాలె?"

"నాకిచ్చిన అని."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నౌకరి మీదున్నోనికి గసొంటి కాయితం ఇయ్యద్దుండె అన్నా. నేను సోచాయించలే. తప్పు నాది గూడ ఉన్నది."

"నేను చింపేసిన."

"గట్లనే అయ్యుంటదనుకున్న." అతని గొంతులో కోపం వెతికాను. లేదు. "నీ నౌకరి పోతె ఇంట్ల అయిదుగురు ఉపాసముంటరు. నాకైతె రెండేండ్ల ఫీజు. రెక్కలున్నయ్, కడ్త. గీ ముచ్చట గిక్కడ్నే ఇడిచిపెట్టు. మల్ల తియ్యకు."

నేను కొంత సర్దుతానని గొణిగాను. నీ జీతమెంతో నాకెరుక అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. మీతో అబద్ధమాడను. అతను వద్దన్నప్పుడు నా గుండె తేలికపడింది.

మల్ల తియ్యకు అన్నాడు. తియ్యలేదు. అతను చెప్పినందుకే ఊరుకున్నానా? లేక నాకు కావలసింది అతని నోటితో వచ్చిందని గట్టిగా పట్టుకున్నానా? ఈ ప్రశ్నకు జవాబు నాకు ఎప్పుడూ తెలుసు.

ఆ బకాయి నా ఆరు నెలల జీతమంత ఉంటుంది. బెజవాడ రోడ్డుకు అప్పుడు కంకర వేస్తున్నారు. నర్సింహ, సత్తెమ్మ ఇద్దరూ కంకర కొట్టే పనికి పోయారు. కరీం సాబు పైవాళ్ళతో మాట్లాడి వాయిదాలు ఇప్పించాడు. నెలనెలా నర్సింహ వచ్చి కిటికీలోంచి డబ్బు ఇచ్చేవాడు, నేను రసీదు రాసి ఇచ్చేవాణ్ణి. మిగతావాళ్ళతో ఎట్లా మాట్లాడేవాడో నాతోనూ అట్లాగే మాట్లాడేవాడు. ఊరి సంగతులు చెప్పేవాడు. నేను ఊరికి పోయే బస్సులోంచి వాళ్ళు కనపడేవారు. రోడ్డు పక్క కుప్పల మధ్య సత్తెమ్మ కొంగు బిగించి సుత్తె దించుతుండేది. ఆమె కొట్టిన కంకర కుప్ప ఎప్పుడూ మగవాళ్ళ కుప్పకు తగ్గేది కాదని మేస్త్రీ అనేవాడు. బస్సులో నన్ను చూస్తే చెయ్యి ఊపేది. నేనూ ఊపేవాణ్ణి.

పని చివరి రోజుల్లో ఒక రాతి పెచ్చు ఎగిరి ఆమె ఎడమ కంట్లో పడింది. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. కన్ను నిలిచింది గానీ చూపు పోయింది. ఆ సంగతి నర్సింహ ఆఖరి వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు చెప్పాడు. చెప్పి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని చేతుల నిండా కాయలు. నాకు పర్మనెంటు అయి అప్పటికి ఎనిమిది నెలలు.

ఏడాది ఆలస్యంగా బి.ఏ.లో చేరాడు. తరువాత లా. నల్లగొండ కోర్టులో వకీలయ్యాడు. అతని వాదన వినడానికి నేను రెండు మూడు సార్లు పోయాను. గొంతు పెంచేవాడు కాదు. తీర్పు వచ్చాక, గెలిచినా ఓడినా, తన రైతును వరండాలో కూర్చోబెట్టుకుని ఆ తీర్పును మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివి చెప్పేవాడు. అర్థం కాకపోతే ఇంకో దారిలో మొదలుపెట్టేవాడు. కౌలుదార్ల కేసులే ఎక్కువ. సత్తెమ్మకు చదువు నేర్పాడు. ఆమె అతని కాగితాలన్నీ కేసువారీగా కట్టలు కట్టి, ఏది అడిగినా ఒక్క కన్నుతోనే చిటికెలో తీసి ఇచ్చేది. ఆమె చేతుల మీదుగా ఒక్క కాగితం పోయిందని ఎవరూ అనలేదు.

ఇంటికి ఎవరు వచ్చినా ఆమె ఒక మాట నవ్వుతూ చెప్పేది. "మా వకీలు సాబు లోకానికంత కాయితాలు రాసిస్తడు. తన కాయితం ఒక్కటి ఆఫీసుల ఇయ్యనీకె సోయి లేకపాయె. గందుకే గీ కన్ను." అందరూ నవ్వేవాళ్ళు. నర్సింహ కూడా నవ్వేవాడు. ఆ మాట నా ఎదుట కూడా ఎన్నోసార్లు అన్నది. వాళ్ళింట్లో, వాళ్ళ అన్నం తింటూ విన్నాను. అతను ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే నేను తల ఎత్తలేనని అతనికి తెలుసు.

మా బిడ్డ సైన్సు మానేసి తెలుగు ఎమ్.ఏ. చదువుతానన్నప్పుడు నేను ఇంట్లో గొడవ చేశాను. నర్సింహ వచ్చి నన్ను ఒప్పించాడు. పోతూ పోతూ దానితో అన్నాడు: "మానేస్తున్నట్టు రాసిన కాయితం నువ్వే పోయి ఇయ్యి బిడ్డా. రసీదు తీసుకో." నాకు తగలాలని అన్నాడా? చాలా రోజులు దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాను. లేదు. పిల్ల డబ్బు పోకూడదని అన్నాడు, అంతే. దెప్పడం అతనికి చేతకాదు. చేతనైతే నాకు కొంత సుఖంగా ఉండేది.

నర్సింహ నిరుడు పోయాడు. సంతాపసభలో ఎంతోమంది మాట్లాడారు. ఒక చిన్న వకీలు, అంత గొప్ప మనిషిలోనూ ఒక మతిమరుపు ఉండేదని చెబుతూ సత్తెమ్మ చెప్పే ఆ కథే చెప్పాడు. సభంతా తడికళ్ళతో నవ్వింది. నన్నూ మాట్లాడమన్నారు. ఊరివాణ్ణి, చిన్ననాటి నుంచి ఎరిగినవాణ్ణి. గొంతు బాగాలేదన్నాను.

మూడు నెలల తరువాత నల్లగొండకు, సత్తెమ్మ దగ్గరికి పోయాను. ఒంటరిగా ఉంది. "కూసోండ్రి బావా," అని కుర్చీ జరిపింది. కూర్చోలేదు. కూర్చుంటే ముచ్చట్లలో పడతాను, మళ్ళీ మింగుతాను. నిలబడే చెప్పాను. అరుగు మీద అతనిచ్చింది, మోరీలో నేను వేసింది, కరీం సాబు అడిగినప్పుడు అతను నన్ను చూసింది, అన్నీ చెప్పాను.

ఆమె మెల్లగా ఆ కుర్చీలో తానే కూర్చుంది.

"ఆయినకు ఎరుకేనా? మీరు చింపిండ్రని?"

"ఎరుకే. నన్ను కాపాడనీకె చెప్పలే. మీకు గూడ చెప్పలే."

ఆమె బాగున్న కన్ను నా మీద నుంచి తీసి కిటికీ వైపు తిప్పుకుంది. "యాభై ఏండ్లు అన్న నేను ఆయినను," అంది. "మందిల అన్న. నవ్వుకుంట అన్న." తిడుతుందని చూశాను. తిడితే బాగుండనిపించింది. లేచి కొంగు సర్దుకుంది.

"బావా, ఇగ మీరు పొండ్రి. బస్సు టైమైతది."

అంతే. తలుపు దగ్గరి దాకా కూడా రాలేదు. అప్పటి నుంచి ఆమె నుంచి ఏ కబురూ లేదు. ఇక రాదనే అనుకుంటున్నాను. రావాలని అడిగే హక్కు కూడా నాకు లేదు. ఆమె కంటికి నేను బాధ్యుణ్ణి. చనిపోయిన భర్తను తలచుకున్నప్పుడల్లా ఆ నవ్వులాటలు ఆమెకు ముల్లై గుచ్చుకుంటాయి, దానికీ నేనే. చెప్పి మంచి చేశానా, ఇంకొక గాయం చేశానా? నాకు తెలియదు.

కానీ ఆ రోజు పట్నం పోయే బస్సులో నా పక్కనొక పెద్దమనిషి కూర్చున్నాడు. నల్లగొండ కోర్టు నుంచి వస్తున్నాడు. మాటల్లో నర్సింహ పేరు వచ్చింది. "బంగారమసొంటి వకీలు. జర మతిమరుపు మనిషంట గని," అన్నాడు.

"కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆయన కాయితం ఇచ్చిండు. నాకే ఇచ్చిండు. నేనే ఇయ్యలే."

ఆయన తెల్లబోయి నన్ను చూశాడు. తరువాత జరిగి కూర్చున్నాడు. బస్సు చౌటుప్పల్ దాటింది. నేను కిటికీ తెరిచి గాలికి ముఖం పెట్టాను.